అడగకుండానే రాసిన జవాబు

ఆ రాత్రి అమ్మీ మాట్లాడే స్థితిలో లేదు. జ్వరం, ఆయాసం. నల్గొండ నుంచి నగరంలోని ఒక ప్రైవేటు ఆస్పత్రికి చేర్చేసరికి పదకొండు దాటింది. కౌంటర్లో కుర్రాడు పేరు, వయసు, ఫోన్ నంబరు అడిగి కంప్యూటర్లో కొట్టాడు. డబ్బు కట్టించుకున్నాడు. అంతే. తెల్లవారుజామున నర్సు ఇంజెక్షన్ ట్రే పట్టుకొచ్చింది. కనిపించిన అక్షరమల్లా చదివే విలేకరి అలవాటుకొద్దీ సీసా మీద పేరు చదివాను. పెన్సిలిన్ జాతి మందు. అమ్మీకి అది పడదు. నా చిన్నతనంలో ఒకసారి ఆ సూది వేయించుకుని ఒళ్లంతా దద్దుర్లు లేచి, గొంతు పూడుకుపోయి, చావు గడప దాకా వెళ్లొచ్చింది.

"సిస్టర్, ఆగండి. ఆమెకు ఇది పడదు" అన్నాను.

"పడని మందులు ఏమీ లేవని రికార్డులో ఉంది కదా సార్" అంది ఆ అమ్మాయి, తెరకేసి చూపిస్తూ.

చూశాను. 'పడని మందులు: లేవు' అని స్పష్టంగా ఉంది. ఎవరు చెప్పారు? అమ్మీ చెప్పలేదు. నేను చెప్పలేదు. అసలు ఎవరూ అడగలేదు. అయినా జవాబు ఉంది. దాని కిందే ఇంకో గడి. 'మాతృభాష: తెలుగు.' అదీ ఎవరూ అడగలేదు. డెబ్బై ఏళ్లుగా ఉర్దూలో నవ్వి, ఉర్దూలో ఏడ్చి, ఉర్దూలో దువా చేసిన మనిషి ఆమె.

నర్సు మంచిది. వెంటనే మందు ఆపి డాక్టర్ని పిలిచింది. మందు మార్చారు. అమ్మీ బతికింది. ఎవరిమీదా ఫిర్యాదు చేయలేదు. కానీ ఒక ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. అబద్ధం చెప్పిన వాడెవడూ లేకుండానే అబద్ధం ఎలా పుట్టింది?

నేను బి.ఏ. చదివినవాణ్ణి. కంప్యూటర్‌ని టైపు మిషన్‌లా వాడటం తప్ప ఏమీ తెలియదు. మా అక్క కూతురు ప్రోగ్రామర్. అమ్మీని చూడటానికి వచ్చినప్పుడు ఆ పిల్లకు సంగతంతా చెప్పాను. విని, తల ఊపి, "కోయీ పూఛేచ్ నై మామూ. సిఫర్ పడ్గయా" అంది. ఎవరూ అడగనే లేదు, సున్నా పడిపోయింది అని. ఆస్పత్రి ప్రోగ్రాం తను చూడలేదు. కానీ ఇలాంటి చోట మామూలుగా జరిగే పొరపాటు ఏమిటో మంచం పక్క స్టూలు మీద కూర్చుని నాకు విడమరిచి చెప్పింది. నాకు అర్థమైనంత మీకు చెప్తాను.

ప్రోగ్రాంలో రోగి అంటే ఒక ఆబ్జెక్టు. అరలున్న పెట్టె అనుకోండి. ఒక అరలో పేరు, ఒక అరలో వయసు, ఒక అరలో మాతృభాష. కొన్ని అరల్లో ఏదిపడితే అది పెట్టటానికి వీల్లేదు. ముందే రాసిపెట్టుకున్న జాబితాలోంచి ఒకటే పెట్టాలి. తెలుగు, ఉర్దూ, హిందీ, తమిళం, ఇలా. ఇలాంటి జాబితాను ఎన్యుమరేషన్ అంటారు, ముద్దుగా ఎనమ్. పైకి మాటలే కనిపిస్తాయి గానీ సీ, సీ షార్ప్ లాంటి భాషల్లో లోపల ఉండేవి అంకెలు. మనం వేరే అంకె ఇవ్వకపోతే మొదటిదానికి సున్నా, రెండోదానికి ఒకటి, మూడోదానికి రెండు.

ఈ ఏర్పాటు వెనక ఉన్న ఉద్దేశం మంచిదే. అంతకుముందు ప్రోగ్రాముల్లో ఒకటంటే ఫలానా, రెండంటే ఫలానా అని మనుషులే గుర్తుపెట్టుకోవలసి వచ్చేది. నిక్లాస్ విర్త్ 1970లో ప్రకటించిన పాస్కల్ భాష అంకెకు బదులు పేరు రాసుకునే సౌకర్యం ఇచ్చింది. అంకెల వెనక పోయిన పేర్లను వెనక్కి తెచ్చిన ఏర్పాటు ఇది. పేరు పోగొట్టుకోవటమంటే ఏమిటో తెలిసినవాళ్లం మనం. కాబట్టి దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు.

చిక్కు ఎక్కడంటే ఖాళీ దగ్గర. కాగితం ఫారంలో గడి నింపకపోతే తెల్లగా ఉంటుంది. చూసినవాడికి 'ఇది అడగలేదు' అని తెలుస్తుంది. యంత్రం జ్ఞాపకంలో తెల్లదనం లేదు. అక్కడ ప్రతి చోటా ఏదో ఒకటి ఉండి తీరాలి. పాత సీ భాషలో ఫంక్షన్ లోపల ఒక అర తెరిచి ఏమీ పెట్టకపోతే అంతకుముందు ఆ చోటు వాడుకున్నవాళ్ల చెత్త ఉండొచ్చు. అద్దెకు దిగిన గదిలో పాత అద్దెదారు బట్టల్లాగ. అందుకని జావా, సీ షార్ప్ లాంటి తర్వాతి భాషలు ఆబ్జెక్టు పుట్టగానే అరలన్నీ కడిగేస్తాయి. కడగటం అంటే సున్నా చేయటం. ఎవరూ ఏమీ చెప్పనప్పుడు అరలో ఉండే విలువకి డిఫాల్ట్ అని పేరు. మన పత్రికల్లో డిఫాల్ట్ అంటే బ్యాంకు అప్పు ఎగ్గొట్టటం. ఇక్కడ అది మౌనానికి వాళ్లు పెట్టిన జవాబు.

ఇప్పుడు రెండు సంగతులూ కలపండి. కడిగిన అరలో సున్నా. జాబితాలో మొదటివాడి నంబరు సున్నా. ఎవర్నీ ఏమీ అడగకుండానే అందరూ మొదటివాళ్లయిపోతారు. తెలుగు మొదట ఉంటే అమ్మీ తెలుగు. 'లేవు' మొదట ఉంటే పడని మందులు లేవు.

ప్రోగ్రామర్ తెలివిగా జాబితాను ఒకటి నుంచి మొదలుపెట్టాడనుకోండి. అప్పుడూ సీ షార్ప్‌లో ఆ అరలో సున్నాయే ఉంటుంది. జాబితాలో లేని సున్నా! భాష దాన్ని ఆపదు. ఊళ్లో ఉన్నాడు గానీ ఊరి జాబితాలో లేనివాడి లాంటిదది. ఆ స్థితి గురించి మనకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

అందుకే మైక్రోసాఫ్ట్ మార్గదర్శకాల్లో మామూలు ఎనమ్‌కు సున్నా విలువ ఒకటి పెట్టమనీ, దానికి 'నన్' లాంటి పేరివ్వమనీ సలహా ఉంది. నన్ అంటే 'ఏదీ లేదు'. బాగుందనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ అమ్మీ మంచం పక్కన కూర్చుని ఆలోచిస్తే అసలు ప్రమాదం ఆ మాటలోనే ఉందని తోచింది. 'పడని మందులు: ఏదీ లేదు.' ఇది అడిగితే వచ్చిన జవాబా, అడగకపోవటం వల్ల మిగిలిన ఖాళీయా? మాట ఒకటే. ఒకదాన్ని నమ్మి ఇంజెక్షన్ వేయొచ్చు. రెండోదాన్ని నమ్మి వేస్తే ప్రాణం పోవచ్చు.

'లేదు' వేరు. 'అడగలేదు' వేరు. ఈ రెండింటినీ ఒకే గడిలో కూర్చోబెట్టటం సాంకేతిక లోపం మాత్రమే కాదని నా వాదన. అది నైతిక లోపం. ఎందుకంటే ఆ తప్పుకు మూల్యం రాసినవాడు చెల్లించడు, చదివినవాడు చెల్లించడు. మాట్లాడలేని స్థితిలో మంచం మీద ఉన్న మనిషి చెల్లిస్తుంది.

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయి. రెండూ మా భాంజీయే లేవదీసింది.

మొదటిది. తప్పు యంత్రానిదా, సున్నాదా? కాదు. సున్నా చేయకపోతే పక్క రోగి మందులు అమ్మీ ఖాతాలో కనిపించి ఉండేవేమో. సున్నా చేయటం శుభ్రత. ఆ సున్నాకు ఏ అర్థం ఇస్తామన్నది న్యాయం. శుభ్రత యంత్రం చూసుకుంటుంది. న్యాయం మనిషి చూసుకోవాలి. మన భాషలు ఈ విషయంలో ముందునుంచీ తెలివిగలవే. తెలుగు సున్న సంస్కృత శూన్యం నుంచి వచ్చింది, ఉర్దూ సిఫర్ అరబ్బీ నుంచి వచ్చింది. రెండింటి అర్థమూ ఖాళీయే. ఇంగ్లీషువాళ్ల జీరో కూడా ఆ అరబ్బీ సిఫర్‌కు మనవరాలే. మూడు భాషల్లో ఖాళీ అని పేరున్నదాన్ని పట్టుకుని దానిమీద 'తెలుగు' అనో 'లేవు' అనో అట్ట అంటించినవాడిది తప్పు.

రెండో అభ్యంతరం గట్టిది. జావాలో ఇలా జరగదు. 2004లో జావా 5తో వచ్చిన ఎనమ్‌లో సభ్యులు అంకెలు కావు, ఆబ్జెక్టులు. ఏమీ పెట్టని అరలో మొదటి సభ్యుడు ఉండడు, నల్ ఉంటుంది. అంటే ఎవర్నీ చూపించని సూచిక. దాన్ని మనిషనుకుని పలకరిస్తే ప్రోగ్రాం అక్కడికక్కడే లోపం చెప్పి ఆగుతుంది. అబద్ధం చెప్పదు. అదే నయం కదా? అయితే ఈ నల్‌ని 1965లో అల్గాల్ డబ్ల్యూ భాష కోసం ప్రవేశపెట్టిన టోనీ హోర్ 2009లో దాన్ని తన బిలియన్ డాలర్ల పొరపాటు అని తనే ఒప్పుకున్నాడు. ఎవరూ ఊహించని చోట, ఊహించని వేళ ప్రోగ్రాములు కూలిపోవటానికి అది కారణమైంది కాబట్టి. "మామూ, అర్ధరాత్రి కౌంటర్లో కంప్యూటర్ ఆగిపోయి ఉంటే నానీమాని ఎవరు చేర్చుకునేవాళ్లు?" అని అడిగింది భాంజీ. నా దగ్గర జవాబు లేదు. తప్పు జవాబుతో లోపలికి రానిచ్చే తలుపు, జవాబు లేదని మూసుకునే తలుపు. రేషన్ దుకాణాల ముందు, ఆఫీసుల వరండాల్లో మనవాళ్లకు ఈ రెండు తలుపులూ తెలుసు.

మూడో దారి ఉంది. సున్నాకు నిజమైన పేరు పెట్టటం. 'అడగలేదు' సున్నా. 'లేవు' ఒకటి. 'ఉన్నాయి' రెండు. రాత్రి పదకొండుకు పేరు, వయసుతోనే చేర్చుకోండి. కానీ సూది వేసే ముందు తెర మీద 'లేవు' అని కాక 'అడగలేదు' అని కనిపించాలి. అప్పుడా నర్సు తప్పకుండా అడిగి ఉండేది. ఆమె నిర్లక్ష్యపు మనిషి కాదు. నమ్మదగని మాటను నమ్మేలా చేశారు ఆమెను.

ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. మనుషుల లింగాన్ని నమోదు చేయటానికి ఐఎస్ఓ 5218 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అందులో సున్నా అంటే తెలియదు. ఒకటి పురుషుడు, రెండు స్త్రీ, తొమ్మిది అంటే వర్తించదు. 'తెలియదు' వేరు, 'వర్తించదు' వేరు అని గుర్తించి రెండు అంకెలిచ్చారు. ఒకటికీ రెండుకూ ఇమడనివాళ్లకు మాత్రం అందులో చోటు లేదు, అది మరో అన్యాయం. గూగుల్ తయారుచేసిన ప్రోటోకాల్ బఫర్స్ మూడో రూపంలో ఎనమ్ మొదటి విలువ సున్నాయే అయి ఉండాలి, దానికి 'చెప్పబడలేదు' అనే అర్థమొచ్చే పేరు పెట్టమని సలహా. రస్ట్ భాషలో మనం సొంతంగా రాసుకున్న ఎనమ్‌కు దానంతట అది డిఫాల్ట్ రాదు. ఎవరు డిఫాల్టో ప్రోగ్రామర్ చేత్తో గుర్తు పెట్టాలి. నాకు బాగా నచ్చింది ఇది. ఎవరి చెయ్యి పెట్టిందో తెలుస్తుంది.

ఎన్యుమరేషన్ అన్న మాటకు జనాభా లెక్క అనే అర్థమూ ఉంది. ఉర్దూలో మర్దుమ్‌షుమారీ, మనుషుల్ని లెక్కించటం. 2011 జనగణన ఫారంలో మతానికి అంకెలిచ్చారు. హిందూ ఒకటి, ముస్లిం రెండు, క్రైస్తవం మూడు, సిక్కు నాలుగు, బౌద్ధం ఐదు, జైనం ఆరు. మిగతా మతాలకు పేరు పూర్తిగా రాయమన్నారు గానీ అంకె ఇవ్వలేదు. అంకె దక్కని ఆదివాసుల బాధ పెద్దది, దానికి వేరే వ్యాసం కావాలి. ఇక్కడ నేను చెప్పదలచింది ఒక్కటే. ఆ జాబితాలో సున్నా లేదు. మతం చెప్పనివాళ్లను మొదటి అంకెలోకి నెట్టేయలేదు. 'మతం చెప్పలేదు' అని వేరే వరసలో అచ్చువేశారు. సుమారు 29 లక్షల మంది. జాతీయ పట్టికలో అది చిన్న వరసే. కానీ ఆ వరస ఉండటం వల్లనే మిగతా వరసల మీద నమ్మకం కుదురుతుంది.

చెప్పనివాళ్ల గురించి ఇంకో మాట. అడగటం ఎప్పుడూ మంచిదేనా? 1984లో ఢిల్లీలో సిక్కుల ఇళ్లను గుర్తుపట్టటానికి ఓటర్ల జాబితాలు వాడారని సాక్షులు విచారణ సంఘాల ముందు చెప్పారు. జాబితాలో ఉండటమే ప్రాణాంతకమైన రోజులు ఈ దేశం చూసింది. అందుకని 'అడగలేదు', 'లేదు' తర్వాత మూడో మాట కూడా కావాలి. 'చెప్పనన్నారు.' అది ఖాళీ కాదు. అది ఒక మనిషి నిర్ణయం. దాన్ని తెలియదు కింద జమ కట్టటం కూడా అవమానమే.

మౌనం గురించి మన ఇళ్లలో ఒక పాత పాఠం ఉంది. నికాహ్ సమయంలో వకీలూ సాక్షులూ పెళ్లికూతురి దగ్గరికి వెళ్లి అడుగుతారు. సిగ్గుపడి మాట్లాడకుండా తల వంచితే ఒప్పుకున్నట్టే తీసుకోవటం ఆనవాయితీ. ఆ మౌనం నిజంగా ఒప్పుకోలేనా, భయమా అన్నది మన ఆడపిల్లలు అడగవలసిన ప్రశ్న, అడుగుతున్నారు కూడా. అయితే ఆ ఆనవాయితీ కూడా ఒక షరతు పెట్టింది. ముందు అడగాలి. అడిగిన తర్వాతి మౌనానికే ఏదైనా అర్థం చెప్పగలం. అడగకముందు మౌనానికి అర్థం చెప్పేవాడు తన అర్థమే చెప్తాడు.

ఇక మా వృత్తి సంగతి. పత్రికల్లోనూ ఒక సున్నా ఉంది. 'ఒక యువకుడి అరెస్టు' అని రాస్తే చదివేవాళ్ల మనసులో ఎవరు కనిపిస్తారు? 'ముస్లిం యువకుడి అరెస్టు' అని విడిగా రాస్తాం. 'హిందూ యువకుడి అరెస్టు' అని శీర్షిక ఎప్పుడైనా పెట్టామా? పేరు అవసరం లేనివాడు సున్నా. విశేషణం తగిలించుకోవలసినవాళ్లు ఒకటి, రెండు, మూడు. ఇరవయ్యేళ్లుగా డెస్కులో కూర్చుని అలాంటి శీర్షికల్ని నేనూ దిద్దాను. దిద్దినప్పుడు అక్షరదోషాలే చూశాను.

మన లోపలా సున్నా ఉంది, దాచుకుంటే లాభం లేదు. 'తెలంగాణ ముస్లిం' అనగానే మన మనసులో కనిపించేది ఉర్దూ మాట్లాడే మగవాడు. దూదేకులవాళ్ల ఇంటి భాష తెలుగు. వాళ్లను మనం ఎన్నిసార్లు అడిగాం? మన ఆడవాళ్లను ఎన్నిసార్లు అడిగాం? మెజారిటీ మనకు పెట్టిన డిఫాల్ట్ గురించి గొంతు చించుకునే మనం, మనలో బలహీనులకు పెట్టిన డిఫాల్ట్ గురించి మౌనంగా ఉంటే ఆ మౌనానికీ ఎవడో ఒక అర్థం రాసేస్తాడు.

అయితే పేరు మార్చినంత మాత్రాన న్యాయం జరిగిపోతుందని నేను అనటం లేదు. 'అడగలేదు' అని గడి పెడితే తొందరలో ఉన్న గుమాస్తా దాన్ని అలాగే వదిలేసి ముందుకు పోవచ్చు. ఏడాది తిరిగేసరికి వేలమంది 'అడగలేదు' అయిపోవచ్చు. కానీ అప్పుడు కనీసం ఎంతమందిని అడగలేదో లెక్క ఉంటుంది. ఇప్పుడు ఆ లెక్క కూడా లేదు. అబద్ధం నిజంలో కలిసిపోయి ఉంది, నీళ్లల్లో పాలు పోసినట్టు. విడదీయటం ఎవరివల్లా కాదు.

అమ్మీని ఇంటికి పంపే రోజు రికార్డు సరిచేయమని కౌంటర్ దగ్గరికి వెళ్లాం. మందుల గడి అప్పటికే డాక్టరు మార్పించాడు. "మాతృభాష కూడా మార్చు బాబూ, ఉర్దూ అని రాయి" అన్నాను. నా గొంతులో కాస్త గర్వం కూడా ఉందనుకుంటాను. ఇంత ఆలోచించినవాణ్ణి కదా!

భాంజీ నా మోచెయ్యి పట్టుకుని "నానీమాని అడిగావా మామూ?" అంది.

అడగలేదు.

చక్రాల కుర్చీలో ఉన్న అమ్మీ వైపు వంగి అడిగాను. ఆమె కౌంటర్లో కుర్రాడికేసి చూసి తెలుగులోనే చెప్పింది. "రెండూ రాసుకో బిడ్డా. ఇంట్ల ఉర్దూ. కానీ యాభై ఏండ్ల సంది మా వాడకట్టంత తెలుగే. మా లచ్చమ్మతోటి నేను ఉర్దూల మాట్లాడితినా ఏంది?"

కుర్రాడు తెరకేసి చూశాడు. "ఒకటే పడుతుందమ్మా" అన్నాడు.

ఒకే అరలో రెండు విలువలు పట్టే ఏర్పాటు ఎనమ్‌లలో ఉందని దారిలో భాంజీ చెప్పింది. జాబితాకు ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అని రెట్టింపు అంకెలిచ్చి వాటిని కలుపుకోవచ్చట. ఉర్దూ ఒకటి, తెలుగు రెండు అయితే అమ్మీ మూడు. ఆ జాబితా రాసినవాడికి అలాంటి మనుషులుంటారని తెలిసి ఉండాలి, అంతే.

ఆ రోజు కుర్రాడికి నేను ఉర్దూ అనీ చెప్పలేదు, తెలుగు అనీ చెప్పలేదు. ఆ గడిని మార్చలేదు. అందులో ఇంకా 'తెలుగు' అనే ఉంది. ఇప్పుడది పూర్తి అబద్ధం కాదు, సగం నిజం. ఆ మిగతా సగాన్ని రాయబోయింది నేను, ఆమెను అడగకుండానే.